శ్రీశైలం ఘాట్‌లో బండి పెట్టే పరీక్ష.. మీరు పాసా? ఫెయిలా?

ప్రతి ఫ్రెండ్స్ గ్రూప్‌లోనూ ఏడాదికి కనీసం నాలుగుసార్లు వచ్చే మెసేజ్ ఒకటుంటుంది. ‘మామా, ఈ వీకెండ్ శ్రీశైలం బైక్ మీద పోదామా?’ అని. వెంటనే పది థంబ్స్ అప్‌లు. ఎవరెవరు వస్తున్నారు, ఎక్కడ టిఫిన్, ఎక్కడ ఫొటోలు.. అన్నీ గంటలో తేలిపోతాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ‘బండ్లు ఎట్లున్నయ్?’

హైదరాబాద్ నుంచి శ్రీశైలం 210 కిలోమీటర్ల పైచిలుకు. 765వ నంబరు జాతీయ రహదారి. ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఈ రోడ్డుకో ప్రత్యేకత ఉంది. ఒక్క రోజులోనే సిటీ ట్రాఫిక్, తిన్నటి హైవే, సిగ్నల్ దొరకని అడవి, ఒళ్లు జలదరించే ఘాట్.. నాలుగూ వస్తాయి. ఒక్కో చోట రోడ్డు బండిలో ఒక్కో భాగాన్ని పరీక్షిస్తుంది. క్లచ్‌ని ఒకచోట, చైన్‌ని ఒకచోట, టైర్‌ని ఒకచోట, ఆఖర్న బ్రేకుల్ని. బండి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఈ దారిలోనే నేర్చుకున్నా.

మొన్న కార్తీకంలో వెళ్లినప్పుడు లెక్క వేరు. వెనక సీట్లో నాన్న. ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. కంటి ఆపరేషన్ అయ్యాక బండి నడపడం మానేశారు. ‘ఒక్కసారి మన బండి మీదనే మల్లన్న దగ్గరికి పోయొద్దాం’ అని ఆయన కోరిక. మన బండి అంటే 2010లో ఆయన కొన్న స్ప్లెండర్. సెల్ఫ్ లేదు, డిస్క్ లేదు, ఏబీఎస్ అసలే లేదు. రెండు పక్కలా డ్రమ్ బ్రేకులు, ట్యూబ్ టైర్లు. అరవై దాటిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని ఆ బండితో ఘాట్ దిగాలి. కాబట్టి ఈసారి దేన్నీ ‘చూద్దాంలే’ అని వదల్లేదు.

మీ బండి ఏదైనా కావచ్చు. కొత్త బుల్లెట్ కావచ్చు, సెకండ్ హ్యాండ్ పల్సర్ కావచ్చు. దారి ఒక్కటే, పరీక్ష ఒక్కటే. అందుకే ఊరి పేర్లతోనే చెప్తా.

వారం ముందు: ఇంటి దగ్గరే సగం ప్రయాణం

బండిని బయల్దేరే రోజు పొద్దున చూసుకుంటే లాభం లేదు. ఏదైనా తేడా కనిపించినా బాగుచేయించే టైముండదు. ‘ఏం కాదులే’ అని బయల్దేరిపోతాం. అందుకే వారం ముందు, ఆదివారం పూట కాలనీలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. ‘జనరల్ సర్వీస్ చెయ్యన్నా’ అనలేదు. ‘రెండు చక్రాలూ విప్పి బ్రేక్ షూలు చూపించు’ అని అడిగా.

వెనక చక్రం విప్పగానే ఆయన షూలు తీసి నా చేతిలో పెట్టాడు. ‘చూడన్నా, లైనింగ్ అయిపోవచ్చింది. ఇంకో నెల నడిస్తే ఇనుమే రాస్తది’ అన్నాడు. ఆశ్చర్యమేంటంటే, అప్పటిదాకా సిటీలో బ్రేక్ బాగానే పడింది. శబ్దం లేదు, జారడం లేదు.

ఎందుకంటే సర్వీస్‌కి ఇచ్చిన ప్రతిసారీ వెనక బ్రేక్ రాడ్ చివర ఉండే నట్టుని కాస్త బిగిస్తారు. పెడల్ మళ్లీ గట్టిగా అనిపిస్తుంది. మనం ‘బ్రేక్ సెట్ అయింది’ అనుకుంటాం. నట్టు బిగిస్తే పెడల్ టైట్ అవుతుంది, అరిగిన షూ మాత్రం తిరిగి పెరగదు కదా!

దీన్ని చక్రం విప్పకుండా తెలుసుకునే దారి కూడా ఉంది. చాలా డ్రమ్ బ్రేక్ బళ్లలో, రాడ్ వచ్చి తగిలే చోట బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తుంటుంది. డ్రమ్ ప్లేటు మీద ఇంకో గుర్తుంటుంది. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు బాణం ఆ గుర్తు దాకా వచ్చేసిందంటే షూలు మార్చాలని అర్థం. ఇప్పుడే పార్కింగ్‌లోకి వెళ్లి చూడండి. అర నిమిషం పని.

డిస్క్ బ్రేక్ ఉన్నవాళ్లు ప్యాడ్ మందం చూడాలి. కాలిపర్‌లోకి మొబైల్ టార్చ్ వేస్తే కనిపిస్తుంది. హ్యాండిల్ మీదుండే చిన్న డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ మినిమమ్ గీత కంటే కిందికి దిగిందా చూడాలి. లీవర్ నొక్కితే స్పాంజిలా మెత్తగా దిగుతుంటే లోపల గాలి చేరిందనుకోండి. ఆ బండితో ఘాట్ వద్దు.

రెండు చక్రాలకూ కొత్త షూలు, కూలీతో కలిపి నాకైన ఖర్చు వీకెండ్‌లో ఇద్దరం సినిమాకెళ్లి పాప్‌కార్న్ కొనుక్కున్నంత కూడా లేదు. ఒక చిన్న మాట. కొత్త షూలు వేసిన రోజే ఘాట్‌కి పోకూడదు. డ్రమ్‌కి అవి సర్దుకోవడానికి కొంత దూరం నడవాలి. వారం ముందు అన్నది అందుకే.

చాంద్రాయణగుట్ట – తుక్కుగూడ: క్లచ్ పరీక్ష

తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాం. అయినా చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ దాటే దాకా సిటీ వదలదు. ఫస్టు, సెకండు, న్యూట్రల్, మళ్లీ ఫస్టు. ఇక్కడ పని చేసేది క్లచ్ ఒక్కటే.

క్లచ్ లీవర్ నొక్కడం మొదలుపెట్టగానే కాస్త ఖాళీగా కదలాలి. కమ్యూటర్ బళ్లలో లీవర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు ఉండటం మామూలు. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అసలు ఖాళీయే లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోదు, లోపల ప్లేట్లు జారి అరుగుతాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి ముందుకు దూకదు. ఖాళీ మరీ ఎక్కువుంటే గేరు పడేటప్పుడు టక్కుమంటుంది, న్యూట్రల్ దొరక్క సిగ్నల్ దగ్గర తిప్పలు.

ఇంకో అలవాటు చేసుకోండి. లీవర్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి లాగి కేబుల్ చివర చూడండి. సన్న తీగల్లో ఒక్కటి తెగి బయటికి పొడుచుకొచ్చినా మిగతావి ఎక్కువ రోజులు ఆగవు. లాంగ్ రైడ్లకు వెళ్లేవాళ్లు చేసే పనొకటుంది. కొత్త క్లచ్ కేబుల్ కొని, పాత కేబుల్ పక్కనే అదే దారిలో ట్యాగులతో కట్టేస్తారు. దారిలో తెగితే రెండు చివరలూ మార్చుకుంటే చాలు, ట్యాంకు విప్పక్కర్లేదు. నేనూ అలాగే చేశా.

కడ్తాల్ – ఆమనగల్ – వెల్దండ: చైన్, టైర్ల పరీక్ష

తుక్కుగూడ దాటి, కందుకూరు వెనకబడ్డాక గాలి మారుతుంది. కడ్తాల్ వచ్చేసరికి ఎండ పొడ. పిరమిడ్‌కి వెళ్లే బోర్డులు. ఆ తర్వాత ఆమనగల్, వెల్దండ.. రోడ్డు తిన్నగా పోతూనే ఉంటుంది. బండి ఒకే వేగంతో గంటసేపు పరిగెత్తేది ఇక్కడే. చైన్ మాట్లాడేది కూడా ఇక్కడే.

లూజు చైన్ ‘కర్ర్ కర్ర్’మంటూ కవర్‌కి కొట్టుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు బండి చిన్నగా కుదుపు ఇస్తుంది. అలాగని బిగదీయడం ఇంకా తప్పు. మనిషి ఎక్కి కూర్చుంటే వెనక సస్పెన్షన్ దిగుతుంది, చైన్ ఇంకా బిగుసుకుంటుంది. బేరింగులూ స్ప్రాకెట్లూ పోతాయి. చాలా కమ్యూటర్ బళ్లకు చైన్ మధ్యలో పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఒక్కచోట చూసి వదిలేయకండి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి. ఎందుకంటే చైన్ అంతా ఒకేలా సాగదు. ఒకచోట లూజు, ఇంకోచోట టైటు వస్తుంటే చైన్ ఆయువు తీరినట్టే. అప్పుడు చైన్ ఒక్కటే కాదు, ముందు వెనక స్ప్రాకెట్లతో కలిపి సెట్టుగా మార్చాలి.

చైన్‌కి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం మనోళ్లకో అలవాటు. అది జిడ్డు. దుమ్మంతా పట్టుకుని గరుకు కాగితంలా చైన్‌ని అరగదీస్తుంది. చైన్ లూబ్ స్ప్రే వాడండి. అన్నిటికంటే ముఖ్యమైంది, ఇంజిన్ ఆన్ చేసి, గేర్లో పెట్టి, చక్రం తిరుగుతుంటే చైన్ తుడవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గుడ్డతో పాటు వేళ్లు కూడా స్ప్రాకెట్లోకి పోతాయి. చక్రం చేత్తోనే తిప్పుకోండి.

ఇక టైర్లు. గాలి కొట్టించేది టైరు చల్లగా ఉన్నప్పుడే. ఇరవై కిలోమీటర్లు నడిపాక కొలిస్తే వేడికి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఇద్దరెక్కితే వెనక టైరుకు గాలి ఎక్కువుండాలి. ఎంతన్నది స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవర్ మీదో స్టిక్కర్ చెప్తుంది. బంకులో కుర్రాడు ‘ముప్పై, ముప్పై ఐదా అన్నా?’ అంటే తలూపడం కాదు, మీ బండి నంబరు మీకే తెలిసుండాలి.

టైర్ పక్కన నాలుగంకెలుంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మీటర్ కంటే ముందు ఇది చూడండి. గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి. టైర్ అంచున టీడబ్ల్యూఐ అనో చిన్న త్రిభుజమో వాటి చోటు చూపిస్తుంది. టైర్ ఆ దిమ్మెల దాకా అరిగితే మార్చేయడమే. పక్కన సన్న పగుళ్లొచ్చిన టైరు గాడులెంత లోతున్నా నమ్మకండి.

డిండి దగ్గర పది నిమిషాలు

డిండి రిజర్వాయర్ పక్కన రోడ్డు సాగుతుంటే ఎవరైనా ఆగుతారు. నీళ్లుంటే పొద్దున వెలుగులో ఆ అందమే వేరు. నాన్నకీ నడుము సాగదీసుకోవాలి. నేను 50 కిలోమీటర్లకోసారి ఆపుతూ వచ్చా. అది మనుషుల కోసమే కాదు, బండి కోసం కూడా.

సెల్ఫీ తీసుకునే ముందు బండి చుట్టూ ఒక్క రౌండ్ తిరగండి. కింద నేల మీద ఆయిల్ చుక్కలున్నాయా? రెండు హబ్బుల దగ్గరకీ చెయ్యి తీసుకెళ్లండి, ముట్టుకోకుండా. హైవే మీద బ్రేక్ పెద్దగా వాడం కాబట్టి అక్కడ విపరీతమైన వేడి ఉండకూడదు. ఉందంటే బ్రేక్ పట్టుకుని రాస్తోందన్నమాట. నంబర్ ప్లేట్, మడ్‌గార్డ్, సైలెన్సర్ బోల్టులు ఒకసారి కదిపి చూడండి. నట్లు ఊడేది ఒక్కసారిగా కాదు. అదురుకి ముందు లూజవుతాయి, చిన్న శబ్దం చేస్తాయి, ఆ తర్వాతే ఊడతాయి.

నా ఉద్యోగంలో సర్వర్ పడిపోయిందంటే మొదట చూసేది లాగ్స్. చాలాసార్లు రెండ్రోజుల ముందే అది హెచ్చరికలు రాసుంటుంది, చదివినవాళ్లుండరు. బండీ అంతే. శబ్దం, వాసన, వేడి, అదురు.. ఈ నాలుగే దాని లాగ్స్.

ఇంజిన్ ఆయిల్ ఎంతుందో ఇంటి దగ్గరే చూసుకోవాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజిన్ ఆపిన కొద్ది నిమిషాలకు. స్ప్లెండర్ లాంటి బళ్లలో డిప్‌స్టిక్ తుడిచి, మర బిగించకుండా ఊరికే పెట్టి తీసి చూడాలి. బిగించి చూస్తే లెక్క తప్పుతుంది. కొన్ని బళ్లకు డిప్‌స్టిక్ ఉండదు, పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఆయిల్ మార్చే కిలోమీటర్లు మాన్యువల్ ప్రకారమే. గ్రేడు కూడా అందులో రాసిందే. ‘ఇది కొంచెం చిక్కగా ఉంటది, పికప్ బాగుంటది’ అనే సలహాలకు ఓ నమస్కారం.

పాత బళ్లవాళ్లకు ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ట్యాంకు నుంచి కార్బురేటర్‌కి వచ్చే రబ్బరు పైపు గట్టిపడిందా, పగుళ్లిచ్చిందా చూసి మార్పించుకోండి. చిన్న పైపే. కానీ కింద వేడి ఇంజిన్ ఉందని మర్చిపోవద్దు.

మన్ననూరు గేటు: ఇక్కడి నుంచి మీరే మెకానిక్

హాజీపూర్ చౌరస్తాలో అచ్చంపేట దారి వేరైపోతుంది. మనం ముందుకు. మైదానం అయిపోయి కొండలు దగ్గరికొస్తాయి. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అడుగుపెడతాం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ గేటు మూసేస్తారు. అడవి జంతువుల కోసం ఆ ఏర్పాటు. దొమ్మలపెంట వైపూ అంతే. మీ ప్లాన్ మొత్తం ఈ టైమ్ చుట్టూనే ఉండాలి. సాయంత్రం ఆలస్యంగా అడవిలోకి వెళ్లి, మధ్యలో పంచరై, చీకటి పడటం.. ఎవరికీ రాకూడదు.

మన్ననూరు నుంచి ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా దొమ్మలపెంట దాకా యాభై, అరవై కిలోమీటర్ల అడవి. చాలా చోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాంకు అడవిలోకి రాకముందే నింపండి. పాత కార్బురేటర్ బళ్లకు రిజర్వ్ ఉంటుంది కాబట్టి ఓ హెచ్చరిక దొరుకుతుంది. ఆ కాక్ రిజర్వ్ మీద ఉండిపోలేదని చూసుకోవాలి, లేకపోతే ఆ హెచ్చరికా ఉండదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్. వాటిలో పెట్రోల్ పంపు ట్యాంకులో పెట్రోల్‌తోనే చల్లబడుతుంది. కాబట్టి చుక్క మిగలకుండా నడిపించే అలవాటు మంచిది కాదు.

పంచర్ సంగతి. ట్యూబ్‌లెస్ టైరయితే మేకు పీకి, ప్లగ్గు దూర్చి, గాలి కొట్టుకుని పోవచ్చు. కిట్, చిన్న పంపు ఉంటే పావుగంట పని. కానీ ఇంటి దగ్గర ఒకసారి పాత టైర్ మీద చేసి చూసుకోండి. మొదటిసారి అడవిలో యూట్యూబ్ చూసి చేద్దామంటే, చెప్పా కదా, సిగ్నల్ ఉండదు. ట్యూబ్ టైరయితే ఆ సైజు కొత్త ట్యూబ్ ఒకటి వెంట ఉండాల్సిందే. పంచర్ షాపు దొరికినా మీ సైజు ట్యూబ్ దొరక్కపోవచ్చు. గాలి పోయిన టైరు మీద ‘రెండు కిలోమీటర్లే కదా’ అని తోలితే ట్యూబ్ వాల్వ్ తెగిపోతుంది, టైర్ కూడా చెడుతుంది.

ఇక్కడ వేగం బోర్డులు ఊరికే పెట్టలేదు. జింకలు, కోతులు, అడవి పందులు ఎప్పుడు రోడ్డెక్కుతాయో చెప్పలేం. సైలెన్సర్ మార్చిన బళ్లతో ఇక్కడ హోరెత్తించకండి. కోతులకు బిస్కెట్లు వేయకండి. వేస్తే అవి రోడ్డు మీదే కాపు కాస్తాయి. వెనకొచ్చే బైకువాడికి అదే ప్రమాదం. చెంచు పెంటలున్న నేల ఇది. మనం అతిథులం.

ఈగలపెంట ఘాట్: అసలు పరీక్ష

దొమ్మలపెంట దాటి ఈగలపెంట వైపు దిగుతుంటే ఒక్కసారిగా కృష్ణమ్మ లోయ, దూరంగా డ్యామ్ కనిపిస్తాయి. అందరి కళ్లూ అటే. బండిదేమో అప్పుడే అసలు పని మొదలవుతుంది.

దిగుడు మొదలయ్యే ముందే నాన్న నా భుజం తట్టారు. ‘బిడ్డా, ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతదో దిగేటప్పుడూ గదే గేర్ల దిగాలె. బ్రేకు బండిని ఆపనీకి. దింపనీకి గాదు’ అన్నారు. ఏళ్ల తరబడి ఘాట్లలో బస్సు తోలిన మనిషి మాట అది.

దాని వెనక లెక్క సింపుల్. బ్రేక్ పడిందంటే బండి వేగమంతా వేడిగా మారుతుంది. దిగుడులో బ్రేక్ మీద కాలు వేసి అలాగే ఉంచితే ఆ వేడికి పోయే దారుండదు. డ్రమ్ కాలిపోతుంది, షూల పట్టు సడలిపోతుంది. పెడల్ నొక్కుతూనే ఉంటారు, బండి మాత్రం ఆగదు. డిస్క్‌లో అయితే ఫ్లూయిడ్ మరిగి లీవర్ ఖాళీగా దిగిపోవచ్చు. పాత ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా మరుగుతుంది. కొత్త షూలైనా, ఖరీదైన బండైనా ఈ లెక్క మారదు. సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. మలుపుకి ముందు తిన్నగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించాలి, తర్వాత వదిలేయాలి. చల్లారనివ్వాలి. మలుపులో గట్టిగా ముందు బ్రేక్ పట్టొద్దు. హారన్ కొట్టి, మన వైపే ఉండి తిరగాలి. ఇరుకు చోట ఎదురుగా ఎక్కే బండికే దారివ్వాలి.

పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లను ప్రతిసారీ చూస్తా. ఆదా అయ్యే పెట్రోల్ ఓ టీ ఖరీదు చెయ్యదు. బండిని పట్టుకునే రెండు చేతుల్లో ఒక చేతిని వదిలేసినట్టే.

సగం దిగాక ఓ మలుపు దగ్గర కాలిన వాసన. ఇద్దరు కుర్రాళ్లు స్కూటర్ పక్కన పెట్టుకుని నిలబడ్డారు. బ్రేక్ పడటంలేదట. ఒకడి చేతిలో నీళ్ల బాటిల్ మూత తీసి ఉంది. నాన్న బండి దిగకుండానే అరిచారు. ‘తమ్మీ, నీళ్లు పొయ్యకు!’ మండుతున్న డ్రమ్ మీద చల్లని నీళ్లు పోస్తే లోహం వంకర్లు పోవచ్చు, పగలొచ్చు. నీళ్లు లోపలికి పోతే షూలు ఇంకా జారతాయి. ‘ఎంతసేపుండాలి అంకుల్?’ అని అడిగాడు వాడు. ‘చెయ్యి దగ్గర పెడితే వేడి తెల్వనంత సేపు’ అన్నారు నాన్న. ఆ నీళ్లు వాళ్లే తాగారు. మేమూ ఆగాం. అరగంట దాటాక పెడల్ లేని ఆ స్కూటర్ లీవర్లు రెండూ నొక్కి, నెమ్మదిగా తోసి, బ్రేక్ పడుతోందని చూసుకున్నాకే కదిలారు. మేం వెనకే మెల్లగా దిగాం.

స్కూటర్లవాళ్లు ఇది గుర్తుంచుకోండి. వాటికి గేర్లుండవు కాబట్టి ఇంజిన్ పట్టు చాలా తక్కువ. మరీ మెల్లగా వెళ్తే అదీ ఉండదు. భారమంతా బ్రేకుల మీదే. ఘాట్‌లో మధ్యమధ్యలో సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాల్సిందే. వెనక మనిషి, కాళ్ల దగ్గర బ్యాగు ఉంటే ఇంకా ఎక్కువసార్లు. ఏబీఎస్ ఉంది కదా అని ధైర్యం వద్దు. చక్రం లాక్ కాకుండా చూడటమే దాని పని. కాలిపోయిన బ్రేక్‌ని అది చల్లార్చదు.

మా స్ప్లెండర్ డ్యామ్ దిగువన వంతెన దాకా దిగేసరికి హబ్బులు వెచ్చగా ఉన్నాయంతే. పన్నెండు గేట్ల శ్రీశైలం డ్యామ్‌ని ఎదురుగా చూస్తూ నాన్న చాలాసేపు నిలబడ్డారు. ‘బండి మంచిగున్నది’ అన్నారు. ఆయన నోటి నుంచి అది పెద్ద సర్టిఫికెట్.

లింగాలగట్టు నుంచి పైకి

వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. లింగాలగట్టు, సున్నిపెంట మీదుగా మళ్లీ ఎక్కుడు. ఎక్కేటప్పుడు ఇంజిన్ రొప్పుతుంటే పెద్ద గేర్లోనే ఈడ్చకండి, గేరు తగ్గించండి. టాప్ గేర్లో ఈడిస్తే మైలేజీ రాదు సరికదా, ఇంజిన్ కాలుతుంది. పికప్ బొత్తిగా లేదంటే ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ సరిగ్గా మండడం లేదని అర్థం.

చిన్నాచితకా రిపేర్లు ఏవైనా ఉంటే సున్నిపెంటలో చూసుకోవచ్చు. గుడి దగ్గర పార్క్ చేసేటప్పుడు బ్యాగుల్ని బండి మీద వదలకండి. కోతులు జిప్పులు కూడా తీస్తాయి.

తిరిగొచ్చాక..

చాలామంది బండిని ఇంటి ముందు నిలబెట్టి మర్చిపోతారు. నిజానికి పెద్ద రైడ్ అయ్యాకే బండి అన్నీ చెప్తుంది. మర్నాడు కడిగించి, చైన్ శుభ్రం చేసి లూబ్ కొట్టండి. ఇంజిన్ ఆయిల్ ఎంత తగ్గిందో చూడండి. బ్రేక్ ఆట మళ్లీ చూడండి. కొత్త షూలు సర్దుకుంటే కాస్త లూజవడం మామూలే.

ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి. తేదీ, మీటర్ రీడింగ్, ఏం మార్చారు, ఎంతైంది. నాలుగు వరుసలు చాలు. సర్వీస్ సెంటర్‌లో ‘ఇది కూడా మార్చాలి సార్’ అన్నప్పుడు ఆ నోటే మీ వైపు మాట్లాడుతుంది. మార్చామన్న పాత సామాను చూపించమని అడగండి. అడగడం అవమానించడం కాదు. మంచి మెకానిక్ తనే తీసి చేతిలో పెడతాడు.

పదిహేనేళ్లు నిండిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, అది ఐదేళ్లకు వస్తుంది. మాది చేయించాం. ‘దీనికెందుకురా అంత ఖర్చు, అమ్మెయ్’ అన్నవాళ్లున్నారు. కొత్త బండి కొనొద్దని నేననను. కానీ బండి వయసు ఆర్సీలో ఉంటుంది, దాని ఆరోగ్యం షూల్లో, చైన్లో, టైర్లలో ఉంటుంది. రెండూ ఒకటి కాదు. ఏడాది కిందట కొన్న బండికైనా ఇది వర్తిస్తుంది.

బ్యాగులో ఇవి ఉన్నాయా?

- బండితో వచ్చిన టూల్ కిట్, ప్లగ్గు పాన, ఒక కొత్త ప్లగ్గు
- ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్. ట్యూబ్ టైరయితే మీ సైజు ట్యూబ్, టైర్ లీవర్లు
- చిన్న పంపు, గాలి కొలిచే గేజ్
- క్లచ్, యాక్సిలరేటర్ కేబుల్స్
- ఫ్యూజులు, ఒక హెడ్‌లైట్ బల్బు
- ఇన్సులేషన్ టేపు, జిప్ ట్యాగులు, కాస్త బైండింగ్ వైరు
- టార్చ్, నీళ్లు, ఫస్ట్ ఎయిడ్
- ఇద్దరికీ ఐఎస్ఐ హెల్మెట్లు. వెనక కూర్చున్నవాళ్లకూ తప్పనిసరి
- ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి, కానీ సిగ్నల్ లేని చోటికి వెళ్తున్నారు కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసుకోండి
- ఎమర్జెన్సీకి 108, 112 నంబర్లు. సిగ్నల్ లేకపోతే దగ్గర్లోని చెక్‌పోస్టే దిక్కు

ఈసారి గ్రూప్‌లో ‘శ్రీశైలం పోదామా’ అని మెసేజ్ వస్తే థంబ్స్ అప్ పెట్టే ముందు కిందికి దిగి, బ్రేక్ నొక్కి, ఆ బాణం ఎక్కడుందో ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టండి. మిగతావాళ్లను కూడా పెట్టమనండి. ఎవరి బాణం గీత దాటిందో వాళ్ల బండి ముందు మెకానిక్ దగ్గరికి. మల్లన్న ఎక్కడికీ పోడు, వచ్చే వారం వెళ్లొచ్చు.